గేటు లోపలి భోజనం

మొదటి రోజు: జూన్ 18, 2025, బుధవారం

పొద్దున్నే ఐదున్నరకి ఉత్తర కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో బయల్దేరాలనుకున్నాం. బయల్దేరింది ఏడుంబావుకి. అత్తయ్యగారు పులిహోర పూర్తిగా చల్లారేదాకా డబ్బాలో పెట్టనివ్వలేదు. వేడి మీద మూత పెడితే చెమ్మ పడుతుందట. ఆవిడ మాట కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, ముఖ్యంగా మామయ్యగారికి.

కారులో ఆరుగురం. నేను, మా ఆయన, పదకొండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, రాజమండ్రి నుంచి మూణ్ణెల్ల కోసం వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. మామయ్యగారు ముప్పై రెండేళ్లు కోటగుమ్మం దగ్గర మెస్ నడిపారు. ఇప్పుడు మా బావగారు చూసుకుంటున్నారు. ఏ ఊరు తీసుకెళ్లినా మామయ్యగారు చూసేది గుడి కాదు, బీచి కాదు, హోటలు. లోపలికి అడుగు పెట్టగానే వంటింటి తలుపు ఎటుందో వెతుక్కుంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన మీద ఐదు నిమిషాలు నిలబడ్డారు, రేవులో పీతలు ఉడికించే బండి ముందు ముప్పావుగంట నిలబడ్డారు.

ఐ-5 రోడ్డు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బాదం తోటలు, పిస్తా తోటలు, కాలవలు, మళ్లీ బాదం తోటలు. కోలింగా దగ్గర వేల పశువుల్ని కట్టేసిన దొడ్ల కంపు అద్దాలు మూసినా లోపలికి వచ్చింది. పిల్లలు ముక్కులు మూసుకుంటే మామయ్యగారు మాత్రం "పేడ ఇంత ఉంటే పిడకలు చెయ్యరా?" అని అడిగారు. కెటిల్‌మన్ సిటీలో చెట్టు కింద ఇడ్లీలు తిన్నాం. 4,144 అడుగుల ఎత్తున్న టెహోన్ కనుమ ఎక్కుతుంటే, ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపమని రోడ్డు పక్కన బోర్డులు. పొద్దున ఆలస్యానికి శిక్షగా లాస్ ఏంజెలెస్ సాయంత్రం ట్రాఫిక్‌కి సరిగ్గా దొరికిపోయాం. బ్యూనా పార్కు అనే ఊళ్లో మోటెల్ చేరేసరికి ఆరున్నర. రైస్ కుక్కర్ పెట్టాను. పెరుగన్నం, మజ్జిగ మిరపకాయలు, నిద్ర.

రెండో రోజు: జూన్ 19, గురువారం

ఈ రోజు వెళ్లిన పార్కు పేరు రాయను. దక్షిణ కాలిఫోర్నియాలో పార్కులకి కొదవ లేదు, ఏదో ఒకటి అనుకోండి. మేం 2016లో ఒకసారి వచ్చాం, బాబు అప్పుడు రెండేళ్లవాడు. ఆ పార్కులో నాకు బాగా గుర్తున్నది రైడ్లు కాదు. బర్గర్లు అమ్మే హోటల్లో మధ్యలో ఒక పొడవాటి స్టీలు బల్ల ఉండేది. దాని మీద తరిగిన ఉల్లిపాయలు, టమాటా చక్రాలు, లెట్యూస్, వెనిగర్లో ఊరిన హలపేన్యో మిరపకాయలు, రెండు రకాల సల్సా, అంటే మెక్సికన్ల టమాటా పచ్చడి. ఎంత కావాలంటే అంత వడ్డించుకోవచ్చు. మాకు అది కల్పవృక్షం. చప్పటి బంగాళాదుంప వేపుళ్లు కొనుక్కుని, వాటి మీద ఈ సరంజామా అంతా పోసుకుని మా ఆయనా నేనూ పండగ చేసుకున్నాం. దారి పొడుగునా మామయ్యగారికి ఆ బల్ల గురించి ఊరించి చెప్పాను.

అమెరికాలో బానిసత్వం అంతమైనందుకు గుర్తుగా ఇచ్చే జూన్‌టీన్త్ సెలవు కావడంతో జనం కిటకిట. గేటు దగ్గర సంచులు తనిఖీ చేసే అమ్మాయి పులిహోర డబ్బా మూత తీసి చూసి, బయటి తిండి లోపలికి తేకూడదంది, మర్యాదగానే. ఈ నిబంధన 2016లోనూ ఉంది, నేనే మర్చిపోయాను. మా ఆయన దాన్ని మళ్లీ కారులోని ఐసు పెట్టెలో పెట్టి వచ్చేసరికి అరగంట. "సినిమా హాల్లో కూడా అంతే కదండీ" అన్నాడు తండ్రితో. మన దగ్గర ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బయటి తిండిని అడ్డుకునే హక్కు హాలు యజమానికి ఉందనీ, మంచినీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలనీ 2023 జనవరిలో తీర్పు వచ్చింది. "సినిమా మూడు గంటలురా, ఇక్కడ పన్నెండు గంటలు ఉంచుతారు" అన్నారు మామయ్యగారు.

పన్నెండున్నరకి ఆ బర్గర్ల హోటలుకి వెళ్లాం. స్టీలు బల్ల అక్కడే ఉంది. గిన్నెల గుంటలన్నీ రేకులతో మూసేసి, వాటి మీద వరసగా ఆరు టచ్ స్క్రీన్లు బిగించారు. ఉల్లిపాయలు ఉండాల్సిన చోట వేలితో నొక్కి ఆర్డరు ఇచ్చాను. ఆఖర్న టిప్ ఎంత ఇస్తావని స్క్రీన్ అడిగింది. ఎవరికి ఇవ్వాలో చెప్పలేదు.

రెండు వెజ్ బర్గర్లు, ఒక పిజ్జా ముక్క, పిల్లలకి రెండు చికెన్ ప్లేట్లు, అత్తయ్యగారికి ఉత్త వేపుళ్లు, రెండు డ్రింకులు. పన్నుతో కలిపి 96 డాలర్లు. ఇంకో నిమిషంలో రూపాయల్లెక్క వస్తుందని ఎదురు చూశాను. మామయ్యగారు రూపాయల్లోకి మార్చలేదు, మీల్స్‌లోకి మార్చారు. "మన మెస్సులో అరవై తొమ్మిది మంది భోంచేస్తారు" అని ఊరుకున్నారు.

నంబరు పిలిచారు. ఆయన బర్గరు తినకుండా ముందు విప్పి చూశారు. పై రొట్టె ఎండి అంచులు బిరుసెక్కింది, కింది రొట్టె తడిసి చల్లగా ఉంది. మధ్యలో ఉన్న కూరగాయల బిళ్ల అంచు చుట్టూ గోధుమరంగు అట్టలా గట్టిపడింది. టమాటా ముక్క ఒకటే, అదీ తొడిమ వైపుది. బిళ్లని బొటనవేలితో నొక్కి, "ఇది ఇప్పుడు చేసింది కాదమ్మాయ్. పదింటికే చేసి ఆ దీపం కింద పెట్టేశారు" అన్నారు. లోపల వరసగా వేలాడుతున్న ఎర్ర బల్బుల్ని నేనూ చూశాను. ఐదు కిటికీల్లో రెండే తెరిచారు. ఆ రెండింటికీ కలిపి ఇద్దరు కుర్రాళ్లు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, చెమటలు కక్కుతూ పెట్టెల్లో సర్దుతున్నారు. "పాపం వాళ్లనేం అంటాం. లోపల మాస్టరు లేడు. అన్నీ ఎక్కడో వండి, గడ్డకట్టించి పంపుతారు. వీళ్లు వేడిచేసి అట్టపెట్టెలో పెడతారు, అంతే."

ఆ మూసేసిన బల్ల వైపు చూసి, "అయితే ఊరగాయ గిన్నె తీసేశారన్నమాట" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పారు. హోటల్లో ఖర్చులు పెరిగినప్పుడు ఏ యజమానీ ముందు రేటు ముట్టుకోడు, జనానికి వెంటనే తెలిసిపోతుంది కాబట్టి. మొదట బల్ల మీది ఊరగాయ గిన్నె లోపలికి వెళ్తుంది. తర్వాత నెయ్యి చెంచా చిన్నదవుతుంది. తర్వాత రెండో కూర ఒంటిగంటకే అయిపోతుంది. ఇవన్నీ అయ్యాక రేటు పెరుగుతుంది. "వీళ్లు అన్నీ ఒక్కసారే చేశారు" అన్నారు, మెచ్చుకుంటున్నారో తిడుతున్నారో తెలియని గొంతుతో.

కెచప్ కూడా ఇప్పుడు ప్యాకెట్లే, మనిషికి రెండు. ఇంకోటి అడిగితే ఇచ్చారు గానీ, అడగాల్సి వచ్చింది. మంచినీళ్లు మాత్రం కప్పులో ఉచితంగా పోశారు. సీసా అయితే 5 డాలర్లు, చాలామంది సీసాలే కొంటున్నారు. కప్పు అడగొచ్చని ఏ బోర్డు మీదా లేదు.

సాయంత్రం ఆకలికి ఆగలేక చేతి మీద ముద్ర వేయించుకుని బయటికి వచ్చి, కారు డిక్కీ ఎత్తి పులిహోర తీశాం. చూస్తే పార్కింగంతా అదే పని. ఒక గుజరాతీ కుటుంబం మడత కుర్చీలు వేసుకుని థేప్లాలు తింటోంది. మా పక్క ట్రక్కు వాళ్లు మెక్సికన్లు, రేకు కాగితంలో చుట్టిన టమాలెలు, అంటే ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి పొట్లాలు, పంచుకుంటున్నారు. వాళ్లలో పెద్దావిడ మా డబ్బా వైపు చూసి నవ్వింది. అత్తయ్యగారు మాట్లాడకుండా కాగితం ప్లేటులో పులిహోర పెట్టి ఇచ్చారు. ఆవిడ తన గాజు సీసా తీసి, వెనిగర్లో ఊరేసిన క్యారెట్లూ మిరపకాయలూ మామయ్యగారి ప్లేటులో వేసింది. ఆయన ఒక ముక్క కొరికి, "ఇదీ" అన్నారు. ఆ రోజంతా ఆయన తిండిని మెచ్చుకున్నది ఈ ఒక్కసారే.

రాత్రి మోటెల్లో పాత ఫోటోలు వెతికితే 2016 నాటి మెనూ బోర్డు ముందు బాబుని ఎత్తుకున్న ఫోటో దొరికింది. వెనక రేట్లు కనిపిస్తున్నాయి. అప్పుడు వెజ్ బర్గరు 11 డాలర్ల 49 సెంట్లు, ఇవాళ 17 డాలర్ల 99 సెంట్లు. అంటే 57 శాతం పెరిగింది. తిట్టుకుందామని మొదలుపెట్టి, మరోవైపు కూడా చూశాను. కాలిఫోర్నియాలో కనీస వేతనం 2016లో గంటకి 10 డాలర్లు, 2025లో 16 డాలర్ల 50 సెంట్లు. అది 65 శాతం. మధ్యలో కోవిడ్ వచ్చి ఈ రాష్ట్రంలో పార్కులు ఏడాది పైగా మూతపడ్డాయి. 2022 జూన్‌లో అమెరికాలో ధరల పెరుగుదల 9.1 శాతానికి చేరింది, అప్పుడు పెరిగిన సరుకుల ధరలు మళ్లీ దిగలేదు. కాబట్టి రేటు పెరగడం నాకు అర్థమవుతుంది. అర్థం కానిది ఆ టమాటా ముక్క. 11 డాలర్లప్పుడు ఎన్ని కావాలంటే అన్ని వేసుకోనిచ్చినవాళ్లు, 18 డాలర్లు తీసుకుని తొడిమ ముక్క ఒకటి వేశారు.

మూడో రోజు: జూన్ 20, శుక్రవారం

విశ్రాంతి. పిల్లలు మోటెల్ స్విమ్మింగ్ పూల్లో, మేం పదకొండు దాకా మంచాల్లో.

మధ్యాహ్నం ఆర్టీషియాలో పయనీర్ బులెవార్డ్‌కి వెళ్లాం. లిటిల్ ఇండియా అంటారు. ఒకప్పుడు డచ్చివాళ్లూ పోర్చుగీసువాళ్లూ పాడి నడుపుకున్న ఊరట, ఇప్పుడు చీరల కొట్లు, బంగారం కొట్లు, మిఠాయి దుకాణాలు. ఒక దోసెల హోటల్లో కూర్చున్నాం. ఇక్కడా రేట్లు పెరిగాయి, మసాలా దోసె 14 డాలర్లు. కానీ సాంబారు గిన్నె ఖాళీ కాగానే ఒకబ్బాయి వచ్చి అడక్కుండా పోసి వెళ్లాడు. సాంబారు తీపిగా ఉంది, మామయ్యగారికి నచ్చలేదు. అయినా రెండోసారి పోయించుకున్నారు. బయటికొచ్చి వీధికి అటూ ఇటూ లెక్కపెట్టి, "కూతవేటు దూరంలో ఇంకో ఆరు హోటళ్లున్నాయి. పొయ్యక ఏం చేస్తాడు" అన్నారు.

అత్తయ్యగారు కరివేపాకు, దొండకాయలు కొన్నారు. మోటెల్లో దొండకాయలు ఎలా వండాలో ఎవరూ అడగలేదు.

నాలుగో రోజు: జూన్ 21, శనివారం

ఇవాళ నాట్స్ బెర్రీ ఫార్మ్. పిల్లలకి ఇది స్నూపీ అనే కార్టూన్ కుక్క పార్కు, మా ఆయనకి ఘోస్ట్‌రైడర్ అనే చెక్క రోలర్ కోస్టర్. నేను వెళ్లింది కథ కోసం. మామయ్యగారికి చెప్పాల్సిన కథ అనిపించింది, క్యూలో నిలబడి చెప్పాను.

వాల్టర్ నాట్ ఒక రైతు. 1920లో బ్యూనా పార్కుకి వచ్చి కౌలు భూమిలో బెర్రీలు పండించాడు. రుడాల్ఫ్ బోయ్‌సెన్ అనే ఆయన వేర్వేరు బెర్రీలని సంకరం చేసి వదిలేసిన మొక్కల్ని తెచ్చి బతికించి, ఆ పండుకి బోయ్‌సెన్‌బెర్రీ అని పేరు పెట్టాడు. దేశమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న 1934 జూన్‌లో ఆయన భార్య కోర్డీలియా, నాలుగు డబ్బులు వస్తాయని, కోడి వేపుడు భోజనం వడ్డించడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఎనిమిది భోజనాలు, ఒక్కోటి 65 సెంట్లు. పళ్లాలు ఆవిడ పెళ్లినాటి పింగాణీవి.

"పెళ్లి కంచాల్లో పెట్టిందా!" అన్నారు అత్తయ్యగారు. అప్పటిదాకా ఆవిడ వింటున్నారని నాకు తెలియదు.

కొన్నేళ్లలో ఆదివారాలు వేలమంది రావడం మొదలైంది. బల్ల దొరకాలంటే గంటల తరబడి ఆగాలి. అలా ఆగేవాళ్లకి పొద్దుపోవాలని 1940లో వాల్టర్ హోటలు వెనక పాతకాలపు గనుల ఊరు ఒకటి కట్టడం మొదలుపెట్టాడు. అదే ఘోస్ట్ టౌన్. దాని చుట్టూ రైళ్లు, గని బండ్లు చేరాయి. 1968 దాకా కంచె లేదు, గేటు టికెట్టూ లేదు. ఎవరైనా రావచ్చు, నచ్చకపోతే పోవచ్చు. 1997లో నాట్ కుటుంబం పార్కుని అమ్మేసింది, ఇప్పుడది పెద్ద కంపెనీ చేతిలో ఉంది. అంటే భోజనానికి వచ్చినవాళ్లని ఆడించడానికి పుట్టిన పార్కు ఇది. ఇప్పుడు పార్కులకి ఆడుకోవడానికి వెళ్తాం, తిండిని భరిస్తాం.

రైడ్ల గురించి ఎక్కువ రాయను. కాలికో గని రైలు 1960 నాటిది, చీకట్లో గుహల్లోంచి నిదానంగా వెళ్తుంది, అత్తయ్యగారికి రెండుసార్లు కావాల్సి వచ్చింది. ఘోస్ట్‌రైడర్ దిగాక మా ఆయన అరగంట బెంచీ మీంచి లేవలేదు.

ఆ కోర్డీలియా హోటలు ఇప్పటికీ ఉంది, పార్కు గేటు బయట. ఎవరైనా టికెట్టు లేకుండా వెళ్లి తినొచ్చు. మేం సాయంత్రం వెళితే యాభై నిమిషాలు ఆగమన్నారు. చిక్కేమిటంటే ఇవాళ శనివారం. వెంకన్న మీద భక్తితో మామయ్యగారు శనివారం నీచు ముట్టరు. కోడి వేపుడికి పేరుమోసిన చోటికి శనివారం తీసుకొచ్చినందుకు అత్తయ్యగారు కొడుకుని చూసిన చూపు నేను మర్చిపోలేను.

బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు మామయ్యగారు ఉన్నట్టుండి, "నేనూ చేశానమ్మా" అన్నారు.

"ఏమిటండీ?"

"2003 పుష్కరాల్లో ఘాటు దగ్గర, బారికేడ్ల లోపల స్టాలు పెట్టాం. మెస్సులో ప్లేటుకి నాలుగు ఇడ్లీలు. అక్కడ మూడు చేశాను, రేటు రెట్టింపు చేశాను. సాంబారులో నీళ్లు కలిపించాను. మాస్టరు వద్దన్నాడు కూడా. మెస్సులో ఏడాదికి మిగలని డబ్బు పన్నెండు రోజుల్లో మిగిలింది."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"అనడానికి తీరిక ఎక్కడిది? మునిగి, తిని, బస్సెక్కి పోయేవాళ్లు. మళ్లీ పన్నెండేళ్లకి గానీ రారు. మెస్సులో అయితే పలచటి సాంబారు ఒక్కరోజు పోస్తే మర్నాడు ఎదురు హోటల్లో కూర్చుంటారు."

అత్తయ్యగారు చీర కొంగు సర్దుకుంటూ చెయ్యి ముందుకి చాపి, "ఆ సాంబారే ఇవి" అన్నారు. రెండు జతల గాజులు.

లోపల బల్ల దొరికింది. రేటు చవకేం కాదు, ఆరుగురికి నిన్నా మొన్నా తిన్నదానికంటే ఎక్కువే అయింది. ముందుగా చిన్న గిన్నెల్లో చెర్రీలతో ఉడికించిన రూబార్బ్ వచ్చింది. రూబార్బ్ అంటే ఎర్రటి పుల్లటి కాడ. మామయ్యగారు చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసి, "గోంగూరలో పంచదార పోశారు" అన్నారు, గిన్నె ఖాళీ చేశారు. తర్వాత బిస్కెట్లు. మన బిస్కెట్లు కావు, పొరలు పొరలుగా, మెత్తగా, కాస్త ఉప్పగా ఉండే వేడి రొట్టెలు. విరిస్తే ఆవిరి వచ్చింది. వాటితో పాటు నల్లద్రాక్ష రంగులో బోయ్‌సెన్‌బెర్రీ జాము, బల్ల మీద పెట్టేసి వెళ్లింది వడ్డించే ఆవిడ. మనవరాలికి చూపించి, "ఇదిగో ఊరగాయ గిన్నె" అన్నారు తాతయ్య. పాప వేలు పెట్టి నాకి, తియ్యగా ఉంటే ఊరగాయ ఎలా అవుతుందని పోట్లాడింది.

కోడి వేపుడు మేం నలుగురం తిన్నాం. కరకరలాడింది, కాస్త ఉప్పెక్కువ. ఆయన బంగాళాదుంప ముద్దా మొక్కజొన్నా బిస్కెట్లూ తిని, పై అనే పండ్ల రొట్టె ఆఖరి ముక్క దాకా కానిచ్చి, వంటింటి తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలికి తొంగి చూశారు. "మంటలున్నాయి, మనుషులున్నారు" అన్నారు సంతృప్తిగా. "ఇదే హోటలు గేటు లోపల ఉంటే?" అని అడిగాను. ఆయన భుజాలెగరేసి జాము గిన్నె తన వైపు లాక్కున్నారు.

ఐదో రోజు: జూన్ 22, ఆదివారం

ఎనిమిదింటికి బయల్దేరాం. ఈసారి అత్తయ్యగారే తొందరపెట్టారు, దొండకాయలు పాడైపోతున్నాయని.

ఎనిమిదిన్నరకి రాజమండ్రికి ఫోన్ కలిపాం. అక్కడ రాత్రి తొమ్మిది, బావగారు గల్లా దగ్గర ఉన్నారు, వెనక గిన్నెల మోత వినిపిస్తోంది. స్పీకర్లో అందరి క్షేమాలూ అయ్యాక మామయ్యగారు అడిగారు. "ఒరే, బల్లల మీద ఊరగాయ గిన్నెలు ఉంటున్నాయా?"

కాసేపు గిన్నెల మోతే వినిపించింది.

"అడిగినవాళ్లకి వేస్తున్నాం నాన్నా. బల్ల మీద పెడితే సగం పారెయ్యాల్సి వస్తోంది. నూనె రేటు చూశారుగా. మీరు వచ్చాక మాట్లాడదాం."

"ఊఁ" అని ఫోన్ అత్తయ్యగారికి ఇచ్చేశారు. ఆవిడ వదినా మరదళ్ల సంగతులు మాట్లాడి పెట్టేశారు. నగరం దాటాం, గుట్టలు మొదలయ్యాయి, పిల్లలు నిద్రపోయారు. ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. కనుమ దిగి, కింద మైదానంలో తోటల గళ్లు కనిపిస్తుండగా మా ఆయన భుజం తట్టారు.

"అన్నయ్యకి మళ్లీ చెయ్యి."

"ఇప్పుడేగా మాట్లాడారు?"

"అడగడానికి మొహమాటపడేవాళ్లు ఉంటార్రా. అది చెప్పడం మర్చిపోయాను."

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. అక్కడ పదిన్నర. మెస్ కట్టేసి ఉంటారు.